బోరు నీళ్లకు జుట్టు జిగటగా తయారైంది, గోళ్లు పొరలూడుతున్నాయి. ఇంట్లో ఏం చేసుకోవచ్చు?

మర్రిగూడ కోడలు:
అందరికీ నమస్తే. నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. పెళ్లయ్యాక మర్రిగూడ దగ్గరి ఊరికి వచ్చాను. పాపకు ఇప్పుడు నాలుగు నెలలు. కెమికల్స్ వద్దనుకుని మూడు నెలల కింద షాంపూ మానేశాను. చేత్తో తయారు చేసిన వేప, కలబంద సబ్బు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని అదే తలకు రుద్దుకుంటున్నాను. స్నానానికి మాకు బోరు నీళ్లే.

తలకు పోసుకుని ఆరాక చూస్తే జుట్టంతా బంక పూసినట్టు ఉంటోంది. దువ్వెన పళ్ల సందుల్లో తెల్లగా మైనంలాంటిది చేరుతోంది. చుండ్రేమోనని నిమ్మరసం పట్టించాను, వంటసోడా కూడా రుద్దాను. మంట పుట్టిందే తప్ప తగ్గలేదు. పైగా దువ్వినప్పుడల్లా గుప్పెడు వెంట్రుకలు వస్తున్నాయి. మా అత్తమ్మ "ఇది ఫ్లోరైడు నీళ్ల మహిమ, నీ సబ్బేం చేస్తది" అంటుంది. గోళ్ల చివర్లు ఉల్లిగడ్డ పొరల్లా లేస్తున్నాయి. వెల్లుల్లి దంచి గోళ్లకు కట్టుకోమని ఒకరు చెప్పారు. కట్టుకోనా? పాలిచ్చేదాన్ని, ఏది పడితే అది చేయాలంటే భయంగా ఉంది.

నల్లగొండ పార్లర్ అక్క:
చెల్లె, ముందు ఆ వెల్లుల్లి పక్కన పెట్టు. పచ్చి వెల్లుల్లి దంచి చర్మానికి కట్టి వదిలేస్తే బొబ్బలు లేస్తాయి. నా దగ్గరికి ఒకామె గోరు చుట్టూ తోలు ఊడిపోయి వచ్చింది, రాత్రంతా కట్టుకుని పడుకుందట. గోళ్ల సంగతి తర్వాత చెప్తాను. ముందు రెండు విషయాలు చెప్పు. ఆ తెల్లది వేళ్ల మధ్య నలిపితే పొడి పొడిగా రాలుతుందా, మైనంలా అంటుకుంటుందా? తల దురద పెడుతుందా?

మర్రిగూడ కోడలు:
మైనంలా అంటుకుంటుంది అక్కా. దురద పెద్దగా లేదు.

దేవరకొండ కెమిస్ట్రీ సార్ (రిటైర్డ్):
అయితే అది చుండ్రు కాదమ్మా, సబ్బే. మీ అత్తమ్మ చెప్పింది సగం నిజం. తప్పు నీళ్లలోనే ఉంది, కానీ ఫ్లోరైడుది కాదు.

మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నూనె, కాస్టిక్ సోడా కలిపి చేసిన అసలు సిసలు సబ్బు ఈ నీళ్లలో పడితే కాల్షియంతో కలిసి, నీళ్లలో కరగని తెల్లటి మడ్డి అవుతుంది. బకెట్ అంచున పేరుకునేది అదే, నీ దువ్వెనలో చేరేదీ అదే. నువ్వు ఎంత ఎక్కువ సబ్బు రుద్దితే అంత ఎక్కువ మడ్డి పట్టిస్తున్నట్టు. సబ్బులో వేప వేశారా, కలబంద వేశారా అన్నదానితో దీనికి పని లేదు. మామూలు షాంపూలో ఉండేది సబ్బు కాదు, వేరే రకం డిటర్జెంటు. అది ఇలా లవణాలు ఎక్కువున్న నీళ్లలో, అంటే కఠిన జలంలో కూడా మడ్డి కట్టదు. నువ్వు షాంపూ మానిన రోజు నుంచే జిగట మొదలైంది, గమనించావా?

నమ్మకం లేకపోతే రెండు సీసాలు తీసుకో. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో వాన నీళ్లు పోసి, నీ సబ్బు తురుము చిటికెడు చొప్పున వేసి ఊపు. వాన నీళ్లలో నురగ నిలబడుతుంది. బోరు నీళ్లు పెరుగు విరిగినట్టు అవుతాయి. ముప్పై ఏళ్లు తొమ్మిదో తరగతి పిల్లలకు ఇదే చూపించాను.

తాగే నీళ్లకు కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశంలో ప్రమాణం. మీ బోరులో ఎంత ఉందో పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. గీజర్ కాయిల్ మీద, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంటే మాత్రం ఎక్కువే అనుకో. మరగబెడితే ఆ కఠినత్వంలో కొంత భాగం పోతుంది, మిగతాది అలాగే ఉంటుంది. పటిక వేస్తే మట్టి అడుక్కు దిగుతుంది గానీ కఠినత్వం తగ్గదు. చాలామంది ఈ రెండూ ఒకటేననుకుంటారు.

ఇక ఫ్లోరైడు. అది తాగే నీళ్ల ద్వారా ఒంట్లోకి పోయి పళ్లను, ఎముకలను పాడు చేస్తుంది. ఆ బాధ మీ ఊరివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అందుకే తాగడానికి, వంటకు మాత్రం మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి, బోరు నీళ్లు మరగబెట్టినా ఫ్లోరైడు పోదు. కానీ తల మీద పోసుకుంటే జుట్టు జిగట కావడానికి అది కారణం కాదు.

మర్రిగూడ కోడలు:
సార్, మీరు చెప్పినట్టే చేసి చూశాను. నిజంగానే విరిగిన పాలలా అయ్యాయి. 340 రూపాయలు పెట్టి కొన్న సబ్బు! అయితే సోడా ఎందుకు మండింది?

దేవరకొండ కెమిస్ట్రీ సార్:
తల చర్మానికి కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది, పీహెచ్ 5.5 దగ్గర. వంటసోడా, సబ్బు రెండూ క్షారాలు. వంటసోడా 8 దాటుతుంది, సబ్బు 9, 10 దాకా పోతుంది. రెండూ ఒకదాని మీద ఒకటి వేశావు. వెంట్రుక పైపొర పెంకులు పైకి లేచి గరుకైపోతుంది, చర్మం మండుతుంది. అప్పటికే ఒరుసుకుపోయిన చర్మం మీద నిమ్మరసం చిక్కగా పోస్తే ఇక చెప్పాలా, గోరుచుట్టు మీద రోకటి పోటు.

నకిరేకల్ నిమ్మతోట:
సార్, మా నిమ్మకాయలను అంత మాట అనకండి 🙂

దేవరకొండ కెమిస్ట్రీ సార్:
అనలేదు బాబూ. దాని వాడకం వేరే ఉంది. పట్టిన మడ్డి వదలడానికి పులుపు పనికొస్తుంది. పెద్ద చెంబు నీళ్లలో, అంటే సుమారు లీటరు, అరచెక్క నిమ్మరసం పిండి, వడగట్టి, తల కడుక్కున్నాక చివర్లో జుట్టు మీద పోసుకుని రెండు నిమిషాలు ఆగి మంచి నీళ్లతో కడిగేయాలి. భగీరథ నల్లా వచ్చే పూట ఒక బకెట్ పట్టి పెట్టుకుని ఆ చివరి కడుగుడు దాంతో చేస్తే ఇంకా మంచిది. చర్మం మంట తగ్గేదాకా ఇది కూడా వద్దు. ఇంకోటి, నిమ్మరసం ఒంటి మీద ఉండగా ఎండలోకి పోవద్దు. ఎండ తగిలిన చోట కాలినట్టు బొబ్బలొచ్చి నల్ల మచ్చలు పడతాయి, నెలల తరబడి పోవు. తోటలో పనిచేసే మీకు తెలిసే ఉంటుంది.

నకిరేకల్ నిమ్మతోట:
నిజమే సార్. ఎండాకాలం రసం పిండే పని చేసినవాళ్ల చేతులకు వస్తాయి. మేము ముల్లు గీరుకుందేమో అనుకునేవాళ్లం.

అచ్చంపేట అక్క:
షాంపూ వద్దు, సబ్బు పడదు అంటే మనకు కుంకుడుకాయ ఉండనే ఉంది కదా వదినా! అడవికి పోయే చెంచులు తెచ్చే కాయలు మా దగ్గర సంతలో దొరుకుతాయి. బోరు నీళ్లలో కూడా నురగొస్తుంది, మడ్డి కట్టదు. ఎందుకో సారే చెప్పాలి. ఎట్లా చేయాలో నేను చెప్తాను.

భుజాల దాకా జుట్టుంటే ఎనిమిది పది కాయలు చాలు. రాయితో కొట్టి లోపలి నల్ల గింజ తీసెయ్యాలి. గింజతో పాటు నానేస్తే ఉత్త బరువే, నురగేం రాదు. పై తొక్కలు మరిగే నీళ్లలో వేసి రాత్రంతా మూత పెట్టాలి. పొద్దున చేత్తో బాగా పిసికి, పలుచటి బట్టలో వడగట్టాలి. వడగట్టడం బద్ధకించారంటే తొక్కల నలుసులు జుట్టులో ఇరుక్కుని, మళ్లీ అదో చుండ్రు అనుకుంటారు. జుట్టు మరీ పొడిబారుతుంటే ఆ పులుసులోనే నాలుగు మందారాకులు నలిపి వేయండి. ఆకుల జిగురుకు చిక్కు జారుతుంది. నానబెట్టిన మెంతులు రుబ్బి పట్టించినా అంతే. కాకపోతే మెంతిముద్ద సరిగ్గా కడగకపోతే మూడు రోజులు ఇల్లంతా మెంతి వాసనే.

కళ్లలో పడకుండా చూసుకోవాలి. చిన్నప్పుడు మా అవ్వ తలంటుతూ కళ్లు మండితే నోట్లో ఉప్పురాయి పెట్టేది. మంట తగ్గేదో లేదో గానీ ఏడుపు మాత్రం ఆగేది. పాపకు మాత్రం కుంకుడు పులుసు పోయొద్దు, నాలుగు నెలల పిల్ల.

దేవరకొండ కెమిస్ట్రీ సార్:
కుంకుడులో నురగనిచ్చేవి సాపోనిన్లు. అవి సబ్బులాగా కొవ్వు ఆమ్లాల లవణాలు కావు, అందుకే కాల్షియంతో కలిసి మడ్డి కట్టవు. సీకాయలోనూ అవే. అయితే వారానికి రెండు సార్లు మించితే కుంకుడుకాయ కూడా జుట్టును పొడిబారుస్తుంది. ప్రకృతిది కదా అని రోజూ రుద్దితే అది మాత్రం ఊరుకుంటుందా.

మిర్యాలగూడ మందుల షాపు:
జిగట సంగతి తేలింది గానీ అక్కా, జుట్టు రాలడం గురించి ఎవరూ మాట్లాడలేదు. పాపకు నాలుగు నెలలన్నారు కదా. కాన్పు తర్వాత మూడు నాలుగు నెలలకు జుట్టు ఎక్కువగా ఊడడం మామూలే. కడుపుతో ఉన్నప్పుడు రాలాల్సిన వెంట్రుకలు ఆగిపోతాయి, తర్వాత అన్నీ ఒకేసారి రాలతాయి. పాపకు ఏడాది నిండేసరికి చాలామందికి మళ్లీ మామూలవుతుంది. ఈ రాలడం ఏ నూనెతోనూ ఆగదు, ఏ నూనె వల్లా వచ్చింది కాదు. టైఫాయిడ్, డెంగ్యూ వచ్చిపోయాక రెండు మూడు నెలలకు రాలేది కూడా ఇలాంటిదే. షాపుకొచ్చి "ఏ నూనె రాస్తే ఆగుతుంది" అని అడిగేవాళ్లలో సగం మందిని కదిపితే ఏదో ఒక జ్వరం కథ బయటికొస్తుంది. మామూలుగానే రోజుకు 50 నుంచి 100 దాకా రాలతాయి.

కానీ జుట్టుతో పాటు గోళ్లు కూడా అంటున్నారు. ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి. 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. కాన్పయ్యాక 180 రోజులు ఐరన్ ఫోలిక్ మాత్రలు వేసుకోవాలని ఆశా కార్యకర్తలు ఇస్తారు. వేసుకుంటున్నారా?

మర్రిగూడ కోడలు:
ఇచ్చారు. మలబద్ధకం అవుతోందని రెండు వారాలు వేసుకుని మానేశాను. డబ్బా బీరువా మీద ఉంది.

మిర్యాలగూడ మందుల షాపు:
అందరి ఇళ్లలో అక్కడే ఉంటుంది. పీహెచ్‌సీలో డాక్టరమ్మకు ఆ ఇబ్బంది చెప్పండి, వేసుకునే వేళ మారుస్తారు లేదా మాత్ర మారుస్తారు. మాత్రకు అటూ ఇటూ గంట సేపు చాయ్ తాగొద్దు, ఐరన్ ఒంటికి పట్టనివ్వదు. అన్నం మీద నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. నకిరేకల్ అన్న సంతోషిస్తాడు.

నల్లగొండ పార్లర్ అక్క:
ఇప్పుడు గోళ్లు. చిన్న పాప ఉన్న ఇల్లంటే రోజుకు ఇరవై సార్లు చేతులు తడుస్తాయి, ఆరతాయి. గిన్నెలు, పొత్తి గుడ్డలు, బట్టల సర్ఫు. గోరు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరి ముడుచుకుంటుంది. అలా అవుతూ అవుతూ చివర పొరలు విడిపోతాయి. పార్లర్లో వెయ్యి రూపాయల గోళ్ల ట్రీట్‌మెంట్ నేను చేసి పంపినా, ఇంటికి పోయి గిన్నెలు తోమితే నాలుగు రోజులే దాని ఆయుష్షు. నా వ్యాపారం నేనే చెడగొట్టుకుంటున్నా, సరేలే.

గోళ్లు పొట్టిగా కత్తిరించుకో. రబ్బరు గ్లౌజులు కొనుక్కో. చేతులు తుడుచుకున్న ప్రతిసారీ గోరు మీద, గోరు మొదలు చర్మం మీద ఒక చుక్క కొబ్బరి నూనె రుద్దుకో. నువ్వుల నూనె అయినా పర్లేదు. అంతే. గోరు నెలకు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, పాత గోరు పోయి కొత్తది పూర్తిగా రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. కాబట్టి వారంలో ఫలితం చూసుకుని నన్ను తిట్టకు. గోళ్ల మీద తెల్ల చుక్కలు కనిపిస్తే కాల్షియం తక్కువని భయపడకు, అవి ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బలు. గోరు గుంటపడి చెంచాలా అయితే మాత్రం రక్తం సంగతి తప్పకుండా చూడాలి.

నాట్లు వేసే ఆడవాళ్లకు బురదలో నాని నాని గోరు పక్కన వాచి చీము పడుతుంది చూడు, గోరుచుట్టు. దానికి నిమ్మకాయకు రంధ్రం చేసి వేలు తొడుగుతారు. చల్లగా హాయిగా ఉంటుందేమో గానీ చీము పట్టాక దాంతో కాలం గడపొద్దు. డాక్టరు చీము తీసేస్తే ఒక్కరోజులో నొప్పి దిగుతుంది.

తెల్లజుట్టు తాత, మునుగోడు:
అమ్మా, పనిలో పనిగా నాదీ ఒకటి. జాతరలో హెర్బల్ అని పొడి అమ్మారు. పది నిమిషాల్లో జుట్టు నల్లగా కాకిలా అయింది. రెండోసారి పెట్టుకుంటే చెవుల వెనక దురద, కనురెప్పలు వాచాయి. ఆకుల పొడే కదా?

నల్లగొండ పార్లర్ అక్క:
ఆకుల పొడి కాదు పెద్దనాన్నా. మైదాకు, అదే గోరింటాకు, రంగు నారింజ, ఎరుపే. పది నిమిషాల్లో నలుపు దానికి చేతకాదు. అంత తొందరగా నల్లబడిందంటే అందులో పీపీడీ కలిపి ఉంటారు, పూర్తి పేరు పారాఫినైలిన్‌డయమిన్. పెళ్లిళ్లలో చేతికి పెట్టే "నల్ల మెహందీ" కోన్‌లలోనూ అదే. ఒకసారి పడకపోతే ఇక జన్మలో పడదు, పైగా ప్రతిసారీ ఎక్కువవుతుంది. ఇంకోసారి ముట్టుకోకండి. రెప్పలు వాచాయి కాబట్టి చర్మం డాక్టరుకు ఒకసారి చూపించండి. నేను కూడా ఒకప్పుడు అడిగినవాళ్లకు నల్ల కోన్ పెట్టిన దాన్నే. పెళ్లికూతురి చెల్లెలి చెయ్యి పొంగి, పెళ్లిరోజు కట్టు కట్టుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి నా పార్లర్లోకి అది రాలేదు.

నల్లగా కావాలంటే ఉత్త మైదాకు ముందు పెట్టి, కడిగి, తర్వాత నీలి ఆకు పొడి పెట్టాలి. సగం రోజు పట్టే పని. ఓపిక లేకపోతే తెల్లజుట్టే బాగుంటుంది పెద్దనాన్నా, మీకు అందం కూడా.

పాలమూరు అమ్మ:
మా పాప గురుకులం నుంచి దసరాకు వచ్చింది, తల నిండా పేలు. మాకు సీతాఫలాలకు కొదవ లేదు. గింజలు నూరి పట్టిస్తే ఒక్క రాత్రిలో చస్తాయని మా ఆడబిడ్డ అంటోంది. రేపు పొద్దున పట్టిద్దామనుకుంటున్నా.

మిర్యాలగూడ మందుల షాపు:
వద్దక్కా, దయచేసి వద్దు. పేలు చస్తాయి, అది నిజమే. కానీ ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర పుండవుతుంది, చూపుకే ప్రమాదం. తల మీద పెట్టింది చెమటతో కిందికి కారకుండా ఎవరు ఆపగలరు, అదీ నిద్రలో? కిరోసిన్ కూడా వద్దు.

పర్మెత్రిన్ 1 శాతం లోషన్ షాపుల్లో దొరుకుతుంది. కడిగి తుడిచిన తడి జుట్టుకు పట్టించి పది నిమిషాలకు కడిగేయాలి. ఈపులు, అంటే పేన్ల గుడ్లు, వారం పది రోజుల్లో పగిలి పిల్లలవుతాయి కాబట్టి తొమ్మిదో రోజు మళ్లీ పెట్టాలి. రెండోసారి ఎగ్గొట్టడం వల్లే "మందు పనిచేయలేదు" అంటారు. మందు వద్దనుకుంటే జుట్టుకు నూనె బాగా పట్టించి పేన్ల దువ్వెనతో మూడు రోజులకోసారి, రెండు వారాలు దువ్వండి. ఇంట్లో అందరి తలలూ అదే రోజు చూడాలి.

పాలమూరు అమ్మ:
అయ్యో, నూరి గిన్నెలో పెట్టాను. పారేసి చెయ్యి కడుక్కుంటున్నా. మరి పేనుకొరుకుడుకు గురివింద గింజ రుద్దుతారు కదా, అది?

మిర్యాలగూడ మందుల షాపు:
అది అంతకంటే విషం. పేరే పేనుకొరుకుడు గానీ పేనుకు దానికి సంబంధం లేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే వెంట్రుక మొదళ్ల మీద తిరగబడితే అలా గుండ్రంగా ఊడుతుంది. చర్మం డాక్టరుకు చూపించండి. పసిపిల్లలున్న ఇంట్లో గురివింద గింజలు అసలు ఉంచకండి.

అచ్చంపేట అక్క:
ఆముదం గురించి ఎవరూ అనలేదేంది? మన పాలమూరు, నల్లగొండ చేలల్లో పండిందే కదా.

నల్లగొండ పార్లర్ అక్క:
మంచిదే, కానీ ఉత్త ఆముదం తలకు దట్టంగా పట్టించొద్దు. అంత చిక్కటిదాన్ని పొడవు జుట్టుకు పట్టించి గబగబా కడిగితే జుట్టంతా చిక్కుపడి ముద్దయిపోతుంది, కత్తిరించడమే గతి. ఒక పాలు ఆముదానికి మూడు పాళ్లు కొబ్బరి నూనె కలపాలి. కడిగే ముందు గంట చాలు. నిజంగా చుండ్రున్న వాళ్లు ఏ నూనే రాత్రంతా ఉంచొద్దు. చుండ్రుకు కారణమైన ఫంగస్ బతికేదే తల జిడ్డు మీద.

మర్రిగూడ కోడలు (మూడు వారాల తర్వాత):
అందరికీ దండాలు. సబ్బు మానేసి ముందు ఒకసారి షాంపూతోనే మడ్డి వదిలించుకున్నాను, తర్వాత వారానికి ఒకసారి కుంకుడుకాయ, మంట తగ్గాక చివర్లో నిమ్మ నీళ్లు. రెండో వారానికే జిగట పోయింది. రాలడం మాత్రం అలాగే ఉంది, మందుల షాపు తమ్ముడు చెప్పాడు కాబట్టి టెన్షన్ పడటం లేదు. హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. మాత్రలు రాత్రి పడుకునే ముందు వేసుకోమన్నారు, ఇప్పుడు పడుతున్నాయి. గోళ్లు పొట్టిగానే ఉన్నాయి, కొత్తవి పొరలు లేవడం లేదనే అనిపిస్తోంది. మా అత్తమ్మ ఆ సబ్బుతో బట్టలు ఉతుకుదామని చూసి, బకెట్లో మడ్డి చూసి నన్నే తిట్టింది. ఒక్క సందేహం, కుంకుడు పులుసు మిగిలితే దాచుకోవచ్చా?

అచ్చంపేట అక్క:
ఫ్రిజ్‌లో రెండు రోజులు, అంతకు మించితే పులిసి వాసన వస్తుంది. సీసా మీద మాత్రం పెద్ద అక్షరాలతో రాసి పెట్టు వదినా. మా ఆయన చింతపండు పులుసనుకుని చారులో పోశాడు. పొయ్యి మీద గిన్నె నిండా నురగ.